కైసా పేరు పక్కన పచ్చచుక్క

మార్లిస్ కంగస్‌కి యాభై ఏళ్ళు నిండేదాకా కంప్యూటరుతో పనిపడలేదు. పడిన రోజు నుంచి మాత్రం అది లేకుండా పూట గడవలేదు. ఆ పెట్టె మీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. ఒక్కగానొక్క కూతురు కైసా ఆ ఆగస్టులో జలసంధి మీది వంతెన దాటి, కింది మిషిగన్‌లో కాలేజీలో చేరింది. పై మిషిగన్‌లో వాళ్ళుండే కాల్యుమెట్ జనానికి వంతెన దాటడమంటే మాటలు కాదు. తొమ్మిది గంటల ప్రయాణం సంగతి అలా ఉంచండి, అవతలివాళ్ళకి ఎదురుపడిన మనిషిని పలకరించడం కూడా రాదని ఇక్కడివాళ్ళ గట్టి నమ్మకం. అలాంటి చోట పిల్లని దింపి వచ్చిన తల్లి ఏం చేస్తుంది? సెల్‌ఫోన్లు ఇంకా ఇంటింటికీ రాని రోజులవి, రోజుకి మూడుసార్లు హాస్టలుకి ఫోన్ చేసింది. లేచావా అని ఒకసారి, తిన్నావా అని ఒకసారి, గడియ పెట్టుకున్నావా అని ఒకసారి.

ఆరో రోజున కైసాయే ఎదురు ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్విక్కడ నా పరువు తీస్తున్నావు. ఫోన్ మోగితే చాలు, 'మీ ఇంటి కోడి కూసింది' అంటోంది ట్రినా." ట్రినా ఆమె గదిలో ఉండే రెండో పిల్ల.

"కూయనీ. ఇంతకీ తిన్నావా?"

"తిన్నాను మహాతల్లీ! తిన్నాను, లేచాను, గడియ కూడా పెట్టాను. ఇదిగో, మనిద్దరం ఓ ఒప్పందానికొద్దాం. నువ్వు ఫోన్ చెయ్యొద్దు. మెసెంజరులో నా పేరు పక్కన పచ్చచుక్క కనిపిస్తుందిగా? అది వెలుగుతున్నంతసేపూ నేను బాగున్నట్టే. మాట్లాడాలనిపిస్తే నేనే పలుకుతా."

"వెలక్కపోతే?"

"వెలక్కపోతే నాకేదో అయినట్టే. అప్పుడు రా."

"పొద్దున్నించి రాత్రి దాకా వెలక్కపోయిందో, మర్నాడే కారెక్కుతా. తర్వాత నన్ననొద్దు."

"ఎక్కు. తొమ్మిది గంటలు తోలుకుంటూ రా, నాకేంటి!" అని పకపకా నవ్వింది కైసా.

మెసెంజరు వాడకం తల్లికి నేర్పింది కైసాయే. వెళ్ళేముందు తన గదిలో ఉన్న పాత కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఇక్కడ పేరు నొక్కాలి, ఇక్కడ రాయాలి అని చూపించింది. "మరి నీ పేరు ఇందులోనే ఉండిపోయిందిగా, అక్కడ నీకెలా కుదురుతుంది?" అని అడిగింది మార్లిస్. ఆ ప్రశ్న విని కైసా ముచ్చటపడింది. "ఒక పేరు ఒక్కచోటే కూర్చుంటుందమ్మా. నేను అక్కడ కూర్చోగానే ఇక్కడిది దానంతటదే లేచిపోతుంది." మార్లిస్‌కి ఆ కంప్యూటరు పాఠాల్లో ఒక్కముక్క ఎక్కలేదు గానీ ఈ మాట మాత్రం ఎందుకో గుర్తుండిపోయింది.

కైసా వెళ్ళాక ఇంటర్నెట్టు తీగని కిందకి దించి, వంటింటి పక్కన కొత్త కంప్యూటరుకి తగిలించారు. మేడ మీద పాతది ప్రింటరుతో సహా మూలన పడింది. మార్లిస్ మాట మీద నిలబడింది. సెప్టెంబరంతా ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. పొద్దున ఎనిమిదింటికి కాఫీ కప్పుతో కూర్చుని, కైసా పేరు పక్కన చుక్క పచ్చబడేదాకా చూసి, అప్పుడు మిగతా పనుల్లో పడేది. వారానికి రెండు మూడుసార్లు అటునుంచి కబుర్లు వచ్చేవి. "ఇక్కడ పాస్టీల్లో రుటబేగా వెయ్యరట, క్యారెట్లు వేస్తారట, నమ్ముతావా?" అని ఒకసారి రాసింది. మాంసం కూరి కాల్చే పాస్టీలో రుటబేగా దుంప పడకపోతే కాల్యుమెట్‌లో అది పాస్టీయే కాదు. పాపం, ఎవరూ నేర్పించి ఉండరు అని జాలిపడింది మార్లిస్. అక్టోబరు వచ్చేసరికి కబుర్లు పలచబడ్డాయి. అయినా చుక్క మాత్రం వేళకి వెలిగేది.

ఇక రూడీ సంగతి చెప్పుకోవాలి. మార్లిస్ మొగుడు రూడీ కంగస్ జిల్లా రోడ్ల షెడ్డులో మంచు తోసే లారీలకి మెకానిక్కు. చేతికి పని లేకపోతే తోచని మనిషి. షెడ్డులో ఎవడో ఇంట్లో నెట్‌వర్కు పెట్టుకున్నానని చెప్పాడు. ఇక రూడీకి నిద్రపట్టలేదు. రౌటరు అనే ఒక పెట్టె, బారెడు బారెడు తీగ కొనుక్కొచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు.

"ఇంట్లో రెండు కంప్యూటర్లుండి నెట్‌వర్కు లేదంటే, రెండు ఆవుల్ని కట్టేసుకుని పాలు పక్కింట్లో కొనుక్కున్నట్టే," అన్నాడు.

"దాంతో నాకేంటి ఉపయోగం?"

"మేడ మీద నేలకి ఓ రంధ్రం వేసి తీగ దింపితే చాలు, నువ్వు కింద కూర్చుని నొక్కితే, మేడ మీద ప్రింటరులో కాగితం వస్తుంది."

"కాగితం కోసం మళ్ళీ మెట్లెక్కాలిగా. ఆ ప్రింటరేదో కిందకి మోసుకొస్తే సరిపోదూ?"

రూడీ ఆమె వంక జాలిగా చూశాడు. "అది నెట్‌వర్కు ఎలా అవుతుందే?"

మొగాడు ఒకసారి రంధ్రం వెయ్యాలని నిర్ణయించుకున్నాక ఆపడం ఎవరి తరమూ కాదు. మార్లిస్ ఊరుకుంది. ఆ రోజున ఊరుకున్నందుకు తర్వాత ఎంత కుమిలిపోయిందో చెప్పడం కష్టం.

ఆ వారం గురువారం సాయంత్రం కైసా చుక్క ఆరిపోయింది. శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి వెలగలేదు. తొమ్మిదికీ వెలగలేదు. మార్లిస్ కాఫీ చల్లారిపోయింది. మధ్యాహ్నం చర్చిలో ఆడవాళ్ళ కూడిక ఎగ్గొట్టి తెర ముందే కూర్చుంది. రాత్రి పడుకునేటప్పుడు కూడా ఆ పేరు బూడిద రంగులోనే ఉంది. ఫోన్ చెయ్యాలని చెయ్యి లాగింది గానీ, ఒప్పందంలో ఫోన్ లేదు, కారే ఉంది. శనివారం పొద్దున లేచి నాలుగు సాండ్‌విచ్‌లు చుట్టి, కోటు తొడుక్కుని, తెల్ల కారు తాళాలు చేతిలోకి తీసుకుంది.

"రూడీ, నేను వెళ్తున్నా!" అని మెట్ల దగ్గర నిలబడి కేకేసింది.

"ఎక్కడికీ?" మేడ మీద నుంచి రూడీ గొంతు వచ్చింది. పొద్దున్నుంచీ కైసా గదిలో నేలకి రంధ్రం వేస్తున్నాడు.

"కైసా దగ్గరికి. నిన్నంతా దాని జాడ లేదు."

"వెళ్దువుగాని, ఒక్క నిమిషం ఆగు. తీగ వదులుతున్నా, కింద పట్టుకో. దాన్ని ఆ పెట్టెలో గుచ్చి, దీపాలు వెలిగాయో లేదో చెప్పి వెళ్ళు."

మార్లిస్ విసుక్కుంటూ కొత్త కంప్యూటరు గదిలోకి వెళ్ళింది. కప్పులోంచి నీలం తీగ మెల్లగా కిందకి దిగుతోంది. అందుకుని, కొసని రౌటరులో టక్కున గుచ్చింది. పెట్టె మీద రెండు దీపాలు మిణుకు మిణుకుమన్నాయి. "వెలిగాయి!" అని అరిచి, వెళ్ళబోతూ తెర వంక ఒక్కసారి చూసింది.

కైసా పేరు పక్కన చుక్క పచ్చగా వెలుగుతోంది.

మార్లిస్ కుర్చీలో కూలబడింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. కోటు కూడా విప్పకుండా రెండు వేళ్ళతో వెతుక్కుంటూ రాసింది. "వచ్చావా తల్లీ! ఎంత భయపెట్టావే. కోటు తొడుక్కున్నా, తాళాలు చేతిలోనే ఉన్నాయి. బయల్దేరబోతున్నా. బాగున్నావా?" గోడ గడియారం పదింబావు చూపిస్తోంది.

జవాబు రాలేదు. పోనీ, చుక్క వెలిగింది, అది చాలు. ఒప్పందం ఒప్పందమే. సాండ్‌విచ్‌లు మధ్యాహ్నం ఇద్దరూ కలిసి తిన్నారు.

మేడ మీద రూడీ పని ముగించాడు. ప్రింటరు ఆ పాత కంప్యూటరుకే తగిలించి ఉంది కాబట్టి, అది ఆరితే కింద నుంచి ఏం పంపినా కాగితం రాదు. అందుకని రాత్రింబవళ్ళు నడిచేలా వదిలి, మీట మీద టేపు అంటించి, "ముట్టుకోవద్దు — రూడీ" అని రాశాడు. తెర మటుకు ఆపేశాడు, ఎవరూ చూడనిదానికి కరెంటెందుకని. స్పీకర్లు కైసా కాలేజీకి పట్టుకుపోయింది. ఎలాగూ చలి మొదలైంది. ఎవరూ పడుకోని గదికి వేడి దండగని ఏటా చేసినట్టే ఆ గదిలో వేడిగాలి వచ్చే కంత మూసి, తలుపు బిగించి, కింద సందులో పాత తువ్వాలు కుక్కాడు. ఆ ఊళ్ళో అక్టోబరులో ఏ ఇంట్లో చూసినా ఇలా మూతపడే గది ఒకటుంటుంది.

సాయంత్రం, శనివారం కాబట్టి, పెరట్లో ఆవిరి స్నానానికి సౌనా కాచారు. ఎర్రగా కాగిన రాళ్ళ మీద నీళ్ళు చిలకరించి రూడీ ఆవిరిలో హాయిగా నిట్టూర్చాడు.

"నా నెట్‌వర్కు చూశావా? ఒక్కసారికే పలికింది."

"నీ నెట్‌వర్కు సరే. కైసా పలకలేదు," అంది మార్లిస్.

"చుక్క వెలిగింది కదా?"

"వెలిగింది."

"మరింకేం? పద్దెనిమిదేళ్ళ పిల్ల. శనివారం పూట నీతో ఊసులాడుతూ కూర్చుంటుందా? నువ్వా వయసులో మీ అమ్మకి ఎన్ని జవాబులు చెప్పావేంటి?"

"మా అమ్మ పక్కగదిలో ఉండేది. చెప్పకపోతే వీపు మోగేది."

రూడీ నవ్వాడు. మార్లిస్‌కి నవ్వు రాలేదు.

ఆ తర్వాత చుక్క ఆరనే లేదు. పొద్దున వెలుగుతూనే ఉండేది, రాత్రి పడుకునేముందూ వెలుగుతూనే ఉండేది. పిల్ల ఎంత చదువుతోందో అనుకుంది మార్లిస్. రోజూ ఏదో ఒకటి రాసేది. ఆదివారం: "చర్చిలో అందరూ నిన్నడిగారు." సోమవారం: "మంచు పడింది. నీ బూట్లు పంపనా?" బుధవారం: "ఏమ్మా, ఒక్కమాట రాస్తే అరిగిపోతావా?" శుక్రవారం: "నా మీద కోపమా? నేను ఫోన్ చెయ్యలేదుగా. మాట నిలబెట్టుకున్నానుగా." రాసి, కుర్చీలో వెనక్కి వాలి, అరగంట చూసేది. అటునుంచి ఒక్క అక్షరం వచ్చేది కాదు. చుక్క మటుకు పచ్చగా, నిక్షేపంగా ఆమె మొహంలోకి చూస్తూ ఉండేది.

భయమైతే మార్లిస్ తట్టుకునేదే. చూస్తూ కూడా పలకడం లేదన్నది ఆమె మనసు విరిచేసింది. రెండో సోమవారం పొద్దున, అంటే తీగ గుచ్చిన తొమ్మిదో రోజున, వంటింట్లో పాలు పొంగిపోతున్నా లేవకుండా కూర్చుని ఇలా రాసింది. "చదువుతున్నావని నాకు తెలుసు. చదివి కూడా ఊరుకుంటున్నావు. సరే. నాకు కూతురు లేదనుకుంటా. నువ్వూ తల్లి లేదనుకో." నొక్కేసింది. పోయిన మాటని వెనక్కి పిలిచే మీట ఆ పెట్టెలో లేదు. మంగళవారం ఏమీ రాయలేదు.

బుధవారం పొద్దున చర్చి సంతకి ఎవరెవరు ఏం వండి తెస్తారో జాబితా తయారుచేసి, అచ్చు వెయ్యమని మీట నొక్కింది. కాగితం అయిపోయిందని తెర మీద మాట వచ్చింది. తిట్టుకుంటూ కాగితాల కట్ట పట్టుకుని మెట్లెక్కింది. తువ్వాలు కాలితో పక్కకి తోసి, కైసా గది తలుపు తీసింది.

గది బిగుసుకుపోయేంత చల్లగా ఉంది. మంచం మీద దుప్పటి కైసా మడిచిపెట్టిన మడతలోనే ఉంది. బల్ల కింద కంప్యూటరు సన్నగా రొద చేస్తోంది. మార్లిస్ ప్రింటరులో కాగితాలు పెట్టింది. అది కదల్లేదు. మళ్ళీ ఏదో నొక్కమంటోందేమో చూద్దామని ఆపి ఉన్న తెర మీట నొక్కింది.

తెర మెల్లగా తెల్లబడింది. మధ్యలో ఒక కిటికీ తెరుచుకుని ఉంది. అందులో అన్నీ తన మాటలే.

ఇవి ఇక్కడికెలా వచ్చాయో ఆమెకి మొదట అర్థం కాలేదు. తాను రాసినవి కింది కంప్యూటరులో ఉండాలి, లేదా కైసా దగ్గర ఉండాలి. అడుగున జవాబు రాసే ఖాళీ గడిలో సన్నని గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. దాని పక్కన పేరు చూసింది. కైసా. చుక్క పచ్చగా ఉంది. తన చేతి మాటలు, తన నెత్తి మీద గదిలోకి, తానే గుచ్చిన తీగ గుండా వచ్చి పడ్డాయి. ఎప్పుడో హైస్కూల్లో ఉండగా కైసా ఈ మెషీను వెలగగానే తన పేరు దానంతటదే కూర్చునేలా పెట్టుకుంది, తీసెయ్యడం మరిచిపోయింది. ఆ శనివారం రూడీ మెషీను వెలిగించి ఉంచాడు, తీగ అందగానే ఆ పేరు కూర్చుంది.

ఒక పేరు ఒక్కచోటే కూర్చుంటుందమ్మా.

మార్లిస్ మంచం కోడు పట్టుకుంది. అక్కడ కైసా ఒక్కసారి కూర్చుని ఉంటే ఇక్కడిది లేచిపోయేది. ఇది పదకొండు రోజులుగా కదలకుండా కూర్చునే ఉంది. అంటే పదకొండు రోజులుగా, దానికి ముందు ఆ శుక్రవారం కూడా, కైసా ఎక్కడా కూర్చోలేదు. శనివారం పదింబావుకి తాను గడప దాటి ఉండాల్సింది.

గబగబా కిందకి దిగింది. హాస్టలుకి ఫోన్ కలిపింది. ట్రినా ఎత్తింది.

"కైసా ఉందా?"

"ఉంది మిసెస్ కంగస్. పడుకుని ఉంది."

"ఇప్పుడా? క్లాసుకి వెళ్ళలేదా?"

"చాలా రోజులైంది వెళ్ళక. లేవదు, సరిగ్గా తినదు. ఎవరికీ చెప్పొద్దంది. మీకు తెలుసేమో అనుకున్నా నేను. అంటే... తెలిసి కూడా రాలేదేమో అని..." ఈ పిల్లే తనని కోడి అన్నది. ఆ పిల్లని ముద్దు పెట్టుకోవాలనిపించింది మార్లిస్‌కి.

"ఒక్కసారి దానికివ్వమ్మా."

ఏదో గుసగుస వినిపించింది. "తీసుకోనంటోంది," అంది ట్రినా.

"బయల్దేరుతున్నానని చెప్పు. నేనొచ్చేదాకా దాన్ని ఒంటరిగా వదలకు తల్లీ."

"వదల్ను. నేనూ క్లాసుకి వెళ్ళన్లెండి."

షెడ్డుకి ఫోన్ చేసి రూడీని పిలిపించింది. "కైసాకి బాగాలేదు, నేను వెళ్తున్నా. నువ్వు ఇంటికొచ్చి మేడ మీదకి వెళ్ళి చూడు," అని మాత్రం చెప్పి, అతను ఏంటేంటి అంటుండగానే పెట్టేసింది. కోటు తొడుక్కుంది. తాళాలు తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. నోటి మాట కైసా నమ్మదు. తానైనా నమ్మేది కాదు. మళ్ళీ మేడెక్కి, ఆ కిటికీలో ఉన్నదంతా అచ్చు వేసింది. ముందు సంత జాబితా వచ్చింది, తర్వాత ఆమె మాటలు, మూడు కాగితాల నిండా, రోజులూ గంటలతో సహా. రూడీ నెట్‌వర్కు చక్కగా పనిచేసింది.

దారి పొడుగునా ఆ కాగితాలు పక్క సీట్లో ఉన్నాయి. వంతెన మీద గాలి కారుని పక్కకి తోస్తుంటే రెండు చేతులా చక్రం బిగించి పట్టుకుంది. వంతెన దిగాక పెట్రోలు పోయించుకోవడానికి ఆగినప్పుడు మూడో కాగితం విడిగా తీసింది. కూతురు లేదనుకుంటా అన్న మాట దాని చివర ఉంది. చెత్తడబ్బా మూడడుగుల దూరంలోనే ఉంది. ఒకటి పారేస్తే మిగిలిన రెండూ అబద్ధంలా కనిపిస్తాయనిపించింది. మనసు ఒప్పుకోకపోయినా తెచ్చి మళ్ళీ వాటి కిందే పెట్టింది.

ఏడవుతుండగా హాస్టలు చేరింది. ట్రినా తలుపు తీసి, "నేను హాల్లో ఉంటా," అని పక్కకి తప్పుకుంది. కైసా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. జుట్టు అట్టలు కట్టింది. బల్ల మీద లాప్‌టాప్ మూసి ఉంది, దాని మీద తినని బ్రెడ్డు ముక్క ఎండిపోయింది.

"కైసా," అంది మార్లిస్.

"వచ్చావా?" కైసా తిరగలేదు. గొంతులో కోపం కూడా లేదు. "పదమూడు రోజులు పట్టిందా అమ్మా, కారు తియ్యడానికి?"

మార్లిస్ మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మొదటి పరీక్షే తప్పాను. రెండోదానికి వెళ్ళలేకపోయా. లేస్తే ఒళ్ళంతా బరువు. నీకు చెబుదామని ఎన్నోసార్లు కూర్చున్నా, రాయడానికి చెయ్యి రాలేదు. అందుకే గురువారం ఆర్పేశా. ఆర్పితే వస్తానన్నావుగా. శనివారం సాయంత్రం దాకా ఆ కిటికీ దగ్గరే కూర్చున్నా. తెల్ల కారు కనిపిస్తే చాలు, ట్రినాని పిలిచి చూపించేదాన్ని. చీకటి పడ్డాక ఇక చూడలేదు."

మార్లిస్ కాగితాలు ఆమె చేతి దగ్గర పెట్టింది. జరిగింది చెప్పింది, తీగ సంగతి, పాత కంప్యూటరు సంగతి, మూసేసిన గది సంగతి. సగం మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. కైసా వింటోందో లేదో తెలియలేదు. చాలాసేపటికి ఇటు తిరిగి మొదటి కాగితం అందుకుంది.

"కోటు తొడుక్కున్నా, తాళాలు చేతిలోనే ఉన్నాయి," అని మెల్లగా పైకి చదివింది. "పదింబావు. బయల్దేరావా నిజంగా?"

"సాండ్‌విచ్‌లు కూడా చుట్టుకున్నానే. ఒక్క నిమిషం ఆగమన్నాడు మీ నాన్న. ఆగాను. ఆ తీగ గుచ్చింది నేనే."

కైసా మిగతాది లోపలే చదువుకుంది. మూడో కాగితం చివరికి వచ్చేసరికి ఆమె కళ్ళు అక్కడే ఆగిపోయాయి. మార్లిస్ తల దించుకుంది.

"నేను చదువుతున్నాననే రాశావా ఇది?"

"అవును."

"చదివి ఊరుకున్నాననుకున్నావా?"

"అనుకున్నా. సిగ్గు లేకుండా అనుకున్నా."

"నేనూ నీ గురించి అలాగే అనుకున్నాలే," అని కైసా కాగితాలు పక్కన పెట్టి మళ్ళీ గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదలడం చూస్తూ మార్లిస్ కుర్చీలో అలాగే కూర్చుంది. తాకడానికి ధైర్యం చాల్లేదు.

కాసేపయ్యాక గోడవైపు నుంచే గొంతు వచ్చింది. "అయితే నేను ఇంకా అక్కడ బాగానే ఉన్నానన్నమాట."

"ఏంటమ్మా?"

"నా పేరు. పచ్చగానే ఉందా ఇంకా?"

ఆపాలన్న ఆలోచనే రాకుండా వచ్చేసింది మార్లిస్. లేచి, గోడకున్న ఫోన్ అందుకుని ఇంటికి కలిపింది. మొదటి గంటకే ఎత్తాడు రూడీ.

"ఎలా ఉంది?"

"ఉంది. ఉన్నదంతా తర్వాత చెప్తా. మేడ మీద మెషీను ఆపావా?"

"లేదు. మధ్యాహ్నమంతా దాని ముందే కూర్చుని, ఇప్పుడే ఫోన్ దగ్గరికి దిగా. ముట్టుకోవాలంటే భయమేసింది."

"వెళ్ళి ఆపు."

ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు, మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించాయి. తర్వాత ఏమీ వినిపించలేదు. రూడీ తిరిగొచ్చేసరికి బాగా ఆయాసపడుతున్నాడు.

"ఆపేశా. తీగ కూడా పీకేశా." ఒక్క క్షణం ఆగాడు. "మార్లిస్, ఆ ప్రింటరుని కిందకి మోసుకొచ్చేయనా?"

నీ తప్పు కాదని అనడానికి మార్లిస్‌కి నోరు రాలేదు, నీదేనని అనడానికీ రాలేదు. "రేపు మాట్లాడతా," అని పెట్టేసింది.

"ఏమన్నాడు నాన్న?"

"ఆరిపోయిందన్నాడు."

కైసా ఆ ఇరుకు మంచం మీద గోడకి ఇంకా జరిగింది. వెనక ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది.

"అయితే ఇప్పుడు రా," అంది.

మార్లిస్ కోటు విప్పకుండానే వెళ్ళి ఆ చోటులో పడుకుంది.